3750-ఎక్స్‌లో క్యూఓఎస్ ఆన్ చేశాక కాల్స్ ఇంకా చెడిపోయాయి: క్యూలు, బఫర్లు ఎలా సెట్ చేయాలి?

ఫ్లోర్3_నెట్‌వర్క్:

అందరికీ నమస్తే. మాదాపూర్‌లో మూడంతస్తుల ఆఫీసు. మొత్తం 180 ఐపీ ఫోన్లు, అన్నీ సిస్కోవి కావు, వేరే కంపెనీవి. కోడెక్ (మాటని డిజిటల్‌గా మార్చే పద్ధతి) జీ.711. ఒక్కో ఫ్లోర్‌లో 48 పోర్టుల సిస్కో 3750-ఎక్స్ స్విచ్‌లు రెండేసి స్టాక్‌లో ఉన్నాయి. ప్రతి ఫ్లోర్ నుంచి సర్వర్ రూమ్‌లోని స్టాక్‌కి ఒక 1జీ ఫైబర్ అప్‌లింక్. సర్వర్ రూమ్‌లో బ్యాకప్ ఎన్ఏఎస్ (నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె) 1జీ పోర్ట్ మీద, వాయిస్ గేట్‌వే 100 ఎంబీపీఎస్ పోర్ట్ మీద, రౌటర్ ఇంకో 1జీ పోర్ట్ మీద ఉన్నాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకి పీసీల బ్యాకప్ మొదలవగానే కాల్స్‌లో అక్కడక్కడా మాట తెగేది. అందుకని క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు వెళ్లాలో చెప్పే ఏర్పాటు) కోసం అన్ని స్విచ్‌లలో గ్లోబల్‌గా ఈ లైన్ పెట్టాను:

ఎంఎల్ఎస్ క్యూఓఎస్

ఫోన్ పోర్టులన్నిటి మీద ఈ రెండు:

ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ట్రస్ట్ డివైస్ సిస్కో-ఫోన్
ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ట్రస్ట్ కాస్

అంతే, అసలుకే ఎసరు వచ్చింది. బ్యాకప్ టైమ్‌లో మాట తెగడం కాదు, వాక్యాలకి వాక్యాలే పోతున్నాయి. గంటలో అయ్యే బ్యాకప్ రెండు గంటలైనా అవడం లేదు. ఎన్ఏఎస్ పోర్ట్‌లో అవుట్‌పుట్ డ్రాప్స్ లక్షల్లో కనిపిస్తున్నాయి. గ్రాఫ్ చూస్తే మాత్రం అప్‌లింక్ 30 శాతం దాటడం లేదు. గ్లోబల్ లైన్ ముందు 'నో' పెట్టి తీసేస్తే మళ్లీ పాత స్థితి. లింక్ ఖాళీగా ఉన్నప్పుడు డ్రాప్స్ ఎందుకు వస్తాయి? క్యూఓఎస్ పెడితే వాయిస్ బాగుపడాలి కదా, ఎందుకు చెడింది?

ప్యాకెట్_తూకం:

ఈ ప్లాట్‌ఫామ్‌లో అందరూ జారిపడేది ఈ మెట్టు మీదే. ఆ ఒక్క గ్లోబల్ లైన్ చూడటానికి చిన్నదే కానీ రెండు పనులు ఒకేసారి చేస్తుంది.

మొదటిది. క్యూఓఎస్ ఆఫ్‌లో ఉన్నంతసేపు స్విచ్ ప్యాకెట్ మార్కింగ్ (డీఎస్‌సీపీ, అంటే ప్యాకెట్ ప్రాధాన్యం చెప్పే 0 నుంచి 63 వరకు అంకె) జోలికి పోదు. ఫోన్ వాయిస్‌కి 46 వేసి పంపితే 46 గానే బయటికి వెళ్తుంది. ఆన్ చేసిన క్షణం నుంచి ప్రతి పోర్ట్ నమ్మరాని పోర్ట్. లోపలికి వచ్చిన ప్రతి ప్యాకెట్ డీఎస్‌సీపీని చెరిపి సున్నా వేస్తుంది. మీరు ట్రస్ట్ పెట్టాను అంటారు, కానీ 'ట్రస్ట్ డివైస్ సిస్కో-ఫోన్' షరతుతో కూడిన ట్రస్ట్. అవతల సిస్కో ఫోన్ ఉందని సీడీపీ (సిస్కో పరికరాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టే ప్రోటోకాల్) ద్వారా తెలిస్తేనే అది పనిచేస్తుంది. మీవి వేరే ఫోన్లు కాబట్టి ఆ షరతు ఎన్నటికీ నెరవేరదు, పోర్ట్ అలాగే నమ్మరానిదిగా ఉండిపోతుంది. అప్‌లింక్‌ల మీద అసలు ఏమీ పెట్టినట్టు చెప్పలేదు. అంటే ఫ్లోర్ స్విచ్ పొరపాటున మార్కింగ్ వదిలేసినా సర్వర్ రూమ్ స్విచ్ గుమ్మంలోనే తుడిచేస్తుంది.

రెండోది. ఆన్ చేయగానే పోర్ట్ అవుట్‌పుట్ బఫర్ (ప్యాకెట్లు వంతు కోసం ఆగే చోటు) నాలుగు క్యూలకి 25, 25, 25, 25 శాతంగా చీలిపోతుంది. డీఫాల్ట్ మ్యాప్ ప్రకారం డీఎస్‌సీపీ 0 నుంచి 15 వరకు రెండో క్యూకి, 16 నుంచి 31 మూడో క్యూకి, 32 నుంచి 39, 48 నుంచి 63 నాలుగో క్యూకి, 40 నుంచి 47 ఒకటో క్యూకి వెళ్తాయి. మీ దగ్గర అన్నీ సున్నా అయిపోయాయి కాబట్టి వాయిస్, బ్యాకప్, బ్రౌజింగ్ అన్నీ రెండో క్యూలోనే. మిగతా మూడు క్యూల కోసం పక్కన పెట్టిన బఫర్ ఊరికే పడి ఉంది. ఇదివరకు మొత్తం బఫర్ వాడుకున్న ట్రాఫిక్‌ని ఇప్పుడు పావు వంతులోకి నెట్టారు. చెడక ఏమవుతుంది?

కాన్ఫిగ్ మార్చే ముందు కళ్లతో చూడండి. ఒక ఫోన్ పోర్ట్ మీద, అప్‌లింక్ మీద ఇది కొట్టండి:

షో ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 1/0/12
షో ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 1/0/12 స్టాటిస్టిక్స్

మొదటి దాంట్లో 'ట్రస్ట్ స్టేట్' ఏమని ఉందో చూడండి. రెండో దాంట్లో డీఎస్‌సీపీ పట్టిక వరసకి ఐదు అంకెల చొప్పున ఉంటుంది. '45 - 49' అనే వరసలో రెండో గడి 46. ఫోన్ పోర్ట్ 'ఇన్‌కమింగ్' పట్టికలో ఆ గడి పెరుగుతూ, అప్‌లింక్ 'అవుట్‌గోయింగ్' పట్టికలో అదే గడి సున్నాగా ఉంటే నేను చెప్పిందే జరుగుతోంది. చూసే ముందు పాత లెక్కలు తుడిచేయండి:

క్లియర్ ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ఇంటర్‌ఫేస్ స్టాటిస్టిక్స్

ఆ తర్వాత ఫోన్ పోర్టుల మీద ఆ రెండు ట్రస్ట్ లైన్లు తీసేసి, ఫోన్ పోర్టులు, రెండు వైపులా అప్‌లింక్‌లు, గేట్‌వే పోర్ట్, అన్నిటి మీదా 'ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ట్రస్ట్ డీఎస్‌సీపీ' పెట్టండి. గేట్‌వే పోర్ట్ మరిచిపోవద్దు. మరిస్తే బయటి నుంచి వచ్చే మాట అక్కడే సున్నా అయిపోతుంది.

'ట్రస్ట్ కాస్' ఎందుకు వద్దంటున్నానంటే, కాస్ అనేది వీలాన్ ట్యాగ్‌లో ఉండే మూడు బిట్లు. ట్యాగ్ లేని ప్యాకెట్‌కి కాస్ ఉండదు, అప్పుడు పోర్ట్ డీఫాల్ట్ అయిన సున్నా పడుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. డీఫాల్ట్ కాస్-డీఎస్‌సీపీ మ్యాప్ 0 8 16 24 32 40 48 56. అంటే కాస్ 5 తో వచ్చిన వాయిస్ 40 అవుతుంది, 46 కాదు. స్విచ్ లోపల రెండూ ఒకటో క్యూకే వెళ్తాయి కాబట్టి తేడా కనిపించదు. కానీ రౌటర్‌లో '46 మాత్రమే వాయిస్' అని క్లాస్ రాసి ఉంటే అక్కడ దొరికిపోతారు. ఎక్కడైనా కాస్ నమ్మక తప్పకపోతే ముందు ఇది పెట్టాలి:

ఎంఎల్ఎస్ క్యూఓఎస్ మ్యాప్ కాస్-డీఎస్‌సీపీ 0 8 16 24 32 46 48 56

ఉప్పల్_స్విచింగ్:

పైన అన్న చెప్పింది కరెక్ట్. లింక్ ఖాళీగా ఉంటే డ్రాప్స్ ఎందుకు అన్న ప్రశ్నకి నేను చెప్తా.

గ్రాఫ్ ఐదు నిమిషాల సగటు. స్విచ్ బఫర్ నిండేది మిల్లీసెకన్లలో. ఫ్లోర్‌లో పది పీసీలు ఒకే క్షణంలో తలా 100 కిలోబైట్లు పంపాయనుకోండి. ఒక్కోటి 1జీ వేగంతో పంపితే 0.8 మిల్లీసెకన్లలో మొత్తం 1000 కిలోబైట్లు స్విచ్‌లోకి వచ్చేస్తాయి. ఆ 0.8 మిల్లీసెకన్లలో అప్‌లింక్ బయటికి పంపగలిగేది 100 కిలోబైట్లే. మిగతా 900 ఎక్కడో ఒకచోట నిలబడాలి. అవి పూర్తిగా ఖాళీ కావడానికి ఇంకో 7.2 మిల్లీసెకన్లు. చోటు లేకపోతే డ్రాపే. ఇలాంటిది సెకనుకి ఒకసారి వచ్చినా సగటు 8 ఎంబీపీఎస్, గ్రాఫ్‌లో ఒక శాతం కూడా కనపడదు. మెహిదీపట్నం దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే దిగే చోట రోజంతటి సగటు బండ్లు లెక్కపెడితే ట్రాఫిక్ జామ్ కనపడుతుందా? ఇదీ అంతే.

ఎన్ఏఎస్ దగ్గర ఇదే కథ ఇంకో రూపంలో ఉంటది. మూడు 1జీ అప్‌లింక్‌లు వచ్చి ఒక 1జీ పోర్ట్‌లో పడుతున్నాయి. పీసీల బ్యాకప్ అన్ని ఫ్లోర్లలో ఒంటిగంటకే ఎందుకు మొదలుకావాలి? ఫ్లోర్‌కి ఫ్లోర్‌కి మధ్య 40 నిమిషాలు ఎడం పెట్టండి. క్యూఓఎస్ బ్యాండ్‌విడ్త్‌ని పుట్టించదు, ఉన్నదాంట్లో ఎవరు ముందు అన్నదే చెప్తది. ఆ ఎడం పెట్టే పని ఏ కమాండ్ కంటే ఎక్కువ మేలు చేస్తది.

డ్రాప్స్ ఏ క్యూలో పడుతున్నయో చూడాలంటే అదే స్టాటిస్టిక్స్ అవుట్‌పుట్ అడుగున 'అవుట్‌పుట్ క్యూస్ డ్రాప్డ్' అనే పట్టిక ఉంటది. జాగ్రత్త, ఆ పట్టికలో క్యూలు 0 నుంచి 3 దాకా లెక్క, కాన్ఫిగ్‌లో మాత్రం 1 నుంచి 4. పట్టికలో 'క్యూ 1' అంటే మీరు కాన్ఫిగ్‌లో రాసే రెండో క్యూ. ఇది చూసుకోక తప్పు క్యూకి బఫర్ పెంచేవాళ్లు చాలామంది.

ఫ్లోర్3_నెట్‌వర్క్:

ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే చూశాను. ఫోన్ పోర్ట్‌లో 'ట్రస్ట్ స్టేట్: నాట్ ట్రస్టెడ్' అని ఉంది. ఇన్‌కమింగ్‌లో 46 గడి సెకనుకి 50 చొప్పున పెరుగుతోంది, అప్‌లింక్ అవుట్‌గోయింగ్‌లో సున్నా. డ్రాప్స్ అన్నీ పట్టికలో 'క్యూ 1' వరసలోనే.

ట్రస్ట్ డీఎస్‌సీపీ అన్ని చోట్లా పెట్టాక బ్యాకప్ టైమ్‌లో కూడా కాల్స్ బాగున్నాయి. కానీ కొత్త సమస్య. సాయంత్రం నాలుగు తర్వాత కాల్స్ సంఖ్య 40 దాటగానే అందరి కాల్స్ ఒకేసారి పాడవుతున్నాయి. మా వాళ్లకి అవతలి మాట స్పష్టంగా వినిపిస్తుంది. అవతలి వాళ్లకే మా మాట ముక్కలు ముక్కలుగా వెళ్తోంది. 35 కాల్స్ దాకా ఏ గొడవా లేదు. ఆ టైమ్‌లో బ్యాకప్ కూడా ఉండదు. ఇది గేట్‌వే లైసెన్స్ సమస్యా?

వాయిస్_గేట్‌వే:

లైసెన్స్ కాదండి. లైసెన్స్ అయిపోతే కొత్త కాల్ కలవదు, ఉన్న కాల్స్ ముక్కలవవు. మీరు ఇచ్చిన రెండు ఆనవాళ్లు చాలు: ఒకవైపే పాడవడం, 40 దగ్గర మొదలవడం.

లెక్క వేద్దాం. జీ.711 లో 20 మిల్లీసెకన్లకి ఒక ప్యాకెట్, సెకనుకి 50. మీ పట్టికలో 46 గడి సెకనుకి 50 పెరగడం అదే. ఒక్కో ప్యాకెట్‌లో మాట 160 బైట్లు, ఆ మాటని మోసే ఆర్‌టీపీ, యూడీపీ, ఐపీ హెడర్లు 40, ఈథర్‌నెట్ 18, తీగ మీద ప్రీయాంబుల్, గ్యాప్ కలిపి ఇంకో 20. మొత్తం 238 బైట్లు. 238ని 8తో, 50తో గుణిస్తే కాల్‌కి ఒకవైపు 95.2 కేబీపీఎస్.

ఇప్పుడు గేట్‌వే పోర్ట్ మీద ఇది కొట్టండి:

షో ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 1/0/20 క్యూయింగ్

అందులో 'షేప్డ్ క్యూ వెయిట్స్: 25 0 0 0' అని కనిపిస్తుంది. మీరు పెట్టలేదు, అది డీఫాల్ట్. షేర్‌లో 25 అంటే నాలుగింట ఒక వంతు కాబట్టి షేప్‌లో కూడా అలాగే అనుకుంటారు. కాదు. షేప్ వెయిట్ అంటే విలోమం: 25 అంటే 1/25, అంటే పోర్ట్ వేగంలో 4 శాతం. ఆ 4 శాతం దాటి ఒకటో క్యూ ఒక్క బిట్ కూడా పంపదు, పోర్ట్ పూర్తిగా ఖాళీగా ఉన్నా సరే. 1జీ అప్‌లింక్ మీద 4 శాతం అంటే 40 ఎంబీపీఎస్, మీకు అక్కడ తగలదు. గేట్‌వే పోర్ట్ 100 ఎంబీపీఎస్, దాంట్లో 4 శాతం 4 ఎంబీపీఎస్. 4000ని 95.2తో భాగిస్తే 42. మీ 40 అదే.

మొదట్లో వాయిస్ సున్నా మార్కింగ్‌తో రెండో క్యూలో ఉంది కాబట్టి ఈ గోడ తగల్లేదు. ట్రస్ట్ సరి చేశాక ఒకటో క్యూకి వచ్చి దీనికి కొట్టుకుంది. గేట్‌వే నుంచి స్విచ్‌లోకి వచ్చే దిశలో ఈ క్యూ లేదు, అందుకే మీ వాళ్లకి బాగా వినిపిస్తోంది.

మందు ఒక్క లైన్:

ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 1/0/20
 ప్రయారిటీ-క్యూ అవుట్

ఇది పెడితే ఒకటో క్యూ స్ట్రిక్ట్ ప్రయారిటీ అవుతుంది, దాని షేప్, షేర్ వెయిట్లని స్విచ్ పట్టించుకోదు. దాంట్లో ప్యాకెట్ ఉన్నంతసేపు మిగతా మూడు క్యూలు ఆగాల్సిందే. అప్‌లింక్‌లకి, రౌటర్ పోర్ట్‌కి, ఫోన్ పోర్టులకి కూడా పెట్టండి.

పనిలో పనిగా ఆ గేట్‌వే పోర్ట్ డ్యూప్లెక్స్ (ఒకేసారి రెండు దిశల్లో పంపగలదా అన్నది) కూడా చూడండి. గేట్‌వేలో 100 ఫుల్ అని గట్టిగా పెట్టి, స్విచ్‌లో ఆటో వదిలేస్తే స్విచ్ వైపు హాఫ్ డ్యూప్లెక్స్ అవుతుంది. 'లేట్ కొలిజన్' లెక్క కదులుతుంటే అదే. అలాంటప్పుడు ఎన్ని క్యూలు పెట్టినా వాయిస్ బాగుపడదు. రెండు వైపులా ఆటో, లేదా రెండు వైపులా ఫిక్స్.

ప్యాకెట్_తూకం:

42 లెక్క చాలా బాగా పట్టారు. ఒక హెచ్చరిక మాత్రం చేర్చాలి. ప్రయారిటీ క్యూ తెరిచారంటే దాంట్లోకి ఎవరు వస్తున్నారో కాపలా ఉండాలి. ఫోన్ వెనకాల పీసీ ఉంటే, 'ట్రస్ట్ డీఎస్‌సీపీ' పెట్టిన పోర్ట్ పీసీ వేసిన 46ని కూడా నమ్మేస్తుంది. ఒక పీసీ 46 వేసుకుని పెద్ద ఫైల్ పంపితే ఫ్లోర్ అంతా ఆగుతుంది.

ఫోన్ పోర్టుల మీద ట్రస్ట్ బదులు ఇన్‌పుట్ పాలసీ పెట్టడం మేలు. మీ వాయిస్ సబ్‌నెట్ 10.20.110.0 అనుకుందాం, ఆర్‌టీపీ పోర్టులు ఫోన్ సెట్టింగ్స్‌లో ఏమున్నాయో చూసి వేయండి:

ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ వాయిస్-మాట
 పర్మిట్ యూడీపీ 10.20.110.0 0.0.0.255 రేంజ్ 16384 32767 ఎనీ
క్లాస్-మ్యాప్ మ్యాచ్-ఆల్ మాట
 మ్యాచ్ యాక్సెస్-గ్రూప్ నేమ్ వాయిస్-మాట
పాలసీ-మ్యాప్ ఫోన్-పోర్ట్
 క్లాస్ మాట
  సెట్ డీఎస్‌సీపీ ఈఎఫ్
  పోలీస్ 128000 8000 ఎక్సీడ్-యాక్షన్ డ్రాప్
ఇంటర్‌ఫేస్ రేంజ్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 1/0/1 - 46
 నో ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ట్రస్ట్
 సర్వీస్-పాలసీ ఇన్‌పుట్ ఫోన్-పోర్ట్

'ఈఎఫ్' అంటే అదే 46. 'పోలీస్' అంటే ఆ వేగం దాటినదాన్ని డ్రాప్ చేయడం. 128000 అంటే 128 కేబీపీఎస్. ట్యాగ్‌తో కలిపి ఒక జీ.711 కాల్ 88.8 కేబీపీఎస్ కాబట్టి ఒక కాల్ హాయిగా పడుతుంది. ఆ ఫోన్ మీద ముగ్గురిని కలిపే కాన్ఫరెన్స్ వాడితే ఒకేసారి రెండు స్ట్రీమ్‌లు వెళ్తాయి, అప్పుడు 256000 వేయండి. లేకపోతే కాన్ఫరెన్స్‌లో మాత్రమే మాట తెగుతుంది, కారణం దొరక్క నెల తిరుగుతారు. సిగ్నలింగ్‌కి (కాల్ కలిపే సందేశాలకి) ఇలాగే ఇంకో క్లాస్ రాసి 24 వేయండి, పోలీస్ 32000 చాలు. క్లాస్‌లకి తగలని మిగతా ట్రాఫిక్ అంతా, పోర్ట్ నమ్మరానిది కాబట్టి, తనంతట తానే సున్నా అవుతుంది. అదే మనకి కావలసింది. ట్రస్ట్ డీఎస్‌సీపీ ఇక అప్‌లింక్‌లు, గేట్‌వే, రౌటర్ పోర్టులకే.

ఇక బఫర్ల సంగతి. మీ అవసరానికి ఒకటో క్యూ వాయిస్, రెండో క్యూ మామూలు డేటా, మూడో క్యూ సిగ్నలింగ్, వీడియో, రౌటింగ్ ప్రోటోకాల్స్, నాలుగో క్యూ బ్యాకప్:

ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ఎస్ఆర్ఆర్-క్యూ అవుట్‌పుట్ డీఎస్‌సీపీ-మ్యాప్ క్యూ 3 థ్రెషోల్డ్ 3 48 56
ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ఎస్ఆర్ఆర్-క్యూ అవుట్‌పుట్ డీఎస్‌సీపీ-మ్యాప్ క్యూ 3 థ్రెషోల్డ్ 2 24 32 34 36 38
ఎంఎల్ఎస్ క్యూఓఎస్ ఎస్ఆర్ఆర్-క్యూ అవుట్‌పుట్ డీఎస్‌సీపీ-మ్యాప్ క్యూ 4 థ్రెషోల్డ్ 1 8
ఎంఎల్ఎస్ క్యూఓఎస్ క్యూ-సెట్ అవుట్‌పుట్ 1 బఫర్స్ 10 50 20 20
ఎంఎల్ఎస్ క్యూఓఎస్ క్యూ-సెట్ అవుట్‌పుట్ 1 థ్రెషోల్డ్ 2 800 800 100 1600

పోర్ట్ మీద:

 ప్రయారిటీ-క్యూ అవుట్
 ఎస్ఆర్ఆర్-క్యూ బ్యాండ్‌విడ్త్ షేర్ 1 60 30 10

మొదటి లైన్ ఎందుకంటే 48, 56 డీఫాల్ట్‌గా నాలుగో క్యూలో ఉంటాయి. నాలుగో క్యూని బ్యాకప్‌కి ఇచ్చి వీటిని అక్కడే వదిలేస్తే, బ్యాకప్ టైమ్‌లో ఓఎస్‌పీఎఫ్ (రౌటింగ్ ప్రోటోకాల్) హలో ప్యాకెట్లు డ్రాప్ అయ్యి నైబర్‌లతో (పక్క రౌటర్లతో) సంబంధం తెగిపోతుంది. ఒక లైన్‌లో ఎనిమిది డీఎస్‌సీపీలకి మించి పట్టవు, ఎక్కువుంటే ఇంకో లైన్ రాయాలి. షేర్‌లో మొదటి 1 పేరుకే, ప్రయారిటీ ఉంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరు. మిగతా మూడూ 60:30:10. షేర్ అంటే కనీస హామీ, గరిష్ఠ పరిమితి కాదు. పక్క క్యూ ఖాళీగా ఉంటే బ్యాకప్ మొత్తం లింక్ వాడుకోవచ్చు.

థ్రెషోల్డ్ లైన్‌లో క్యూ నంబర్ తర్వాతి నాలుగు అంకెలు వరసగా: మొదటి డ్రాప్ గీత, రెండో డ్రాప్ గీత, ఈ క్యూకి ఖాయంగా దాచే వాటా, ఉమ్మడి బఫర్ నుంచి తెచ్చుకోగల గరిష్ఠం. అన్నీ ఆ క్యూకి కేటాయించిన దాంట్లో శాతాలు. రెండో క్యూకి డీఫాల్ట్ 200 200 50 400. పాత ఐఓఎస్‌లో (సిస్కో స్విచ్ సాఫ్ట్‌వేర్) 400 దాటనివ్వదు, ప్రశ్నార్థకం కొట్టి చూడండి. కొత్తవాటిలో 3200 దాకా ఇస్తుంది.

బ్యాకప్ ట్రాఫిక్‌కి 8 ఎక్కడ వేయాలంటే, ఫోన్-పోర్ట్ పాలసీలోనే ఎన్ఏఎస్ ఐపీకి వెళ్లేదాన్ని ఇంకో క్లాస్‌గా పట్టుకోండి.

ఉప్పల్_స్విచింగ్:

800, 1600 ఎందుకు, నేరుగా 3100 3100 100 3200 పెట్టేయొచ్చు కదా? డ్రాప్స్‌కి సిస్కో పత్రాల్లో కూడా ఆ అంకెలే చెప్తరు.

ప్యాకెట్_తూకం:

పెట్టొచ్చు, డ్రాప్స్ తగ్గుతాయి. నా అభ్యంతరం ఒకటే. ఉమ్మడి బఫర్ ఒక్కో ఏసిక్ (ఒక గుంపు పోర్టులని నడిపే చిప్) కింద ఉన్న పోర్టులన్నిటికీ కలిపి ఉంటుంది. ఎన్ఏఎస్ పోర్ట్‌కి 3200 ఇచ్చేస్తే బ్యాకప్ టైమ్‌లో అదే ఆ ఉమ్మడి బఫర్ మొత్తం తాగేస్తుంది, పక్క పోర్ట్‌లో కొత్తగా డ్రాప్స్ మొదలవుతాయి. ఏ పోర్ట్ ఏ ఏసిక్ కింద ఉందో 'షో ప్లాట్‌ఫామ్ పీఎం ఇఫ్-నంబర్స్' చూపిస్తుంది. ఎన్ఏఎస్‌ని, గేట్‌వేని వేరు వేరు ఏసిక్‌ల కిందికి మార్చడం కూడా ఒక మార్గమే, కేబుల్ తీసి పెట్టడమే ఖర్చు. నేనైతే 800తో మొదలుపెట్టి, ఒక రోజు చూసి, డ్రాప్స్ మిగిలితే రెట్టింపు చేస్తాను. క్యూ-సెట్‌లు రెండున్నాయి కాబట్టి ఎన్ఏఎస్ పోర్ట్‌కి రెండోది పెట్టి, మిగతా పోర్టులని ఒకటో దాంట్లోనే ఉంచితే ఇంకా శుభ్రం.

పనిగంటల్లో బఫర్లు మార్చకండి. మార్చే క్షణంలో నడుస్తున్న ట్రాఫిక్‌కి కుదుపు తగులుతుంది.

ర్యాక్_కేబుల్:

'ఆటో క్యూఓఎస్ వాయిప్ ట్రస్ట్' ఒక్క లైన్‌తో ఇవన్నీ అవే వస్తాయి కదా? చేత్తో ఇంత రాయడం ఎందుకు?

వాయిస్_గేట్‌వే:

వస్తాయి, ప్రయారిటీ క్యూ, కాస్ మ్యాప్‌లో 46, బఫర్లు అన్నీ అదే రాస్తుంది. కొత్త స్విచ్‌లో, డీఫాల్ట్‌తో వదిలేయడం కన్నా అది నయం. కానీ అది రాసేది షేర్ 1 30 35 5, బఫర్స్ 15 25 40 20 లాంటి అందరికీ ఒకే కొలత చొక్కా. ఇక్కడ ఎన్ఏఎస్ డ్రాప్స్ సమస్యకి అది సరిపోదు. పైగా వేరే కంపెనీ ఫోన్లకి 'సిస్కో-ఫోన్' రకం వాడితే మొదటికే వస్తాం. ఇంకొకటి, పోర్ట్ మీద 'నో ఆటో క్యూఓఎస్' కొట్టినా గ్లోబల్ మ్యాప్‌లు, క్యూ-సెట్ లైన్లు అలాగే ఉండిపోతాయి. ఎప్పుడైనా ఆటో వాడి తీసేసిన స్విచ్ అయితే, పైన చెప్పిన లైన్లు వేసే ముందు 'షో ఎంఎల్ఎస్ క్యూఓఎస్ మ్యాప్స్ డీఎస్‌సీపీ-అవుట్‌పుట్-క్యూ' చూడటం తప్పనిసరి. డీఎస్‌సీపీ 0 రెండో క్యూలో కాక మూడో క్యూలో ఉంటే అది ఆటో మిగిల్చిన గుర్తు.

ఇంకో సంగతి, మీరు అడగలేదు కానీ రేపు అడుగుతారు. రౌటర్ నుంచి బయటికి వెళ్లే లైన్ ఎంత?

ఫ్లోర్3_నెట్‌వర్క్:

200 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్, 1జీ కాపర్ పోర్ట్ మీద ఇచ్చారు. కొంతమంది సాఫ్ట్‌ఫోన్ మీద, టీమ్స్ మీద మాట్లాడేది దానిమీదే వెళ్తుంది. దాంట్లో కూడా మధ్యాహ్నం తెగుతోంది. రౌటర్‌లో 'ప్రయారిటీ పర్సెంట్ 20' పెట్టి ఉంది కానీ ఆ క్యూలో డ్రాప్స్ సున్నా, అసలు ఏ క్యూలోనూ డ్రాప్స్ లేవు.

వాయిస్_గేట్‌వే:

డ్రాప్స్ లేకపోవడమే రోగలక్షణం. రౌటర్ దృష్టిలో ఆ పోర్ట్ 1జీ. 300 ఎంబీపీఎస్ పంపినా దానికి రద్దీ కనిపించదు, కాబట్టి క్యూ కట్టదు, ప్రయారిటీ అనే మాటే రాదు. అవతల ప్రొవైడర్ పోలీసర్ 200 దగ్గర కత్తెర వేస్తుంది, దానికి వాయిస్, వీడియో తేడా లేదు. రద్దీని మన పెట్టెలోకి లాక్కోవాలి. అందుకు పైన షేపర్ (వేగం దాటినదాన్ని ఆపి నిదానంగా పంపేది), లోపల క్యూలు:

పాలసీ-మ్యాప్ బయటి-లైన్
 క్లాస్ క్లాస్-డీఫాల్ట్
  షేప్ యావరేజ్ 190000000
  సర్వీస్-పాలసీ లోపలి-క్యూలు

'లోపలి-క్యూలు' మీ దగ్గర ఇప్పుడున్న పాలసీయే. దాన్ని పోర్ట్ మీంచి తీసి ఇక్కడ పిల్ల పాలసీగా పెట్టండి. 200కి బదులు 190 ఎందుకంటే, షేపర్, పోలీసర్ లెక్కించే బైట్లలో తేడా ఉండొచ్చు, అంచు మీద నిలబడకూడదు. ఇంటర్నెట్‌లోకి వెళ్లాక మీ 46ని ఎవరూ గౌరవించరు, చాలాచోట్ల తుడిచేస్తారు. మన చేతిలో ఉన్నది అప్‌లోడ్ వైపు ఈ మలుపు వరకే.

టీమ్స్‌కి మార్కింగ్ విండోస్ గ్రూప్ పాలసీలోని పాలసీ-బేస్డ్ క్యూఓఎస్ నుంచి వేయించండి. మైక్రోసాఫ్ట్ సూచించిన సోర్స్ పోర్టులు ఆడియోకి 50000 నుంచి 50019, డీఎస్‌సీపీ 46. వీడియోకి 50020 నుంచి 50039, 34. స్క్రీన్ షేరింగ్‌కి 50040 నుంచి 50059, 18. టీమ్స్ అడ్మిన్ సెంటర్‌లో కూడా మీటింగ్ సెట్టింగ్స్ కింద ఈ రేంజ్‌లు, క్యూఓఎస్ మార్కర్ల స్విచ్ ఆన్ చేయాలి. అయితే పైన ఇచ్చిన ఫోన్-పోర్ట్ పాలసీ పీసీ మార్కింగ్‌ని సున్నా చేసేస్తుంది కదా, కాబట్టి ఆ ఆడియో రేంజ్‌కి అక్కడ ఇంకో క్లాస్ తప్పదు. అదే 128000 పోలీస్‌తో.

ర్యాక్_కేబుల్:

ఈ లైన్లు ఎవరైనా సిస్కో 9300 స్విచ్ మీద కొట్టబోతే ఆగండి. 3850, 9200, 9300 లలో 'ఎంఎల్ఎస్ క్యూఓఎస్' అనేదే లేదు. అక్కడ క్యూఓఎస్ మొదటి నుంచీ ఆన్, పోర్టులు డీఫాల్ట్‌గా మార్కింగ్‌ని నమ్ముతాయి. క్యూలు పాలసీ-మ్యాప్‌లో 'ప్రయారిటీ లెవెల్ 1', 'బ్యాండ్‌విడ్త్ రిమైనింగ్ పర్సెంట్', 'క్యూ-బఫర్స్ రేషియో' తో రాసి అవుట్‌పుట్ వైపు వేయాలి. మైక్రోబర్స్ట్ (మిల్లీసెకన్లలో వచ్చిపోయే రద్దీ) డ్రాప్స్‌కి అక్కడ మొదటి మందు 'క్యూఓఎస్ క్యూ-సాఫ్ట్‌మ్యాక్స్-మల్టిప్లయర్ 1200', డీఫాల్ట్ 100.

ఫ్లోర్3_నెట్‌వర్క్:

అన్నీ పెట్టి రెండు రోజులు చూశాను. గేట్‌వే పోర్ట్‌లో 'ప్రయారిటీ-క్యూ అవుట్' పెట్టాక 63 కాల్స్ ఒకేసారి నడిచాయి, పట్టికలో 'క్యూ 0' డ్రాప్స్ సున్నా. డ్యూప్లెక్స్ రెండు వైపులా ఆటో, 100 ఫుల్. బ్యాకప్‌ని ఫ్లోర్ వారీగా ఒంటిగంట, రెండింబావు, మూడున్నరకి మార్చాను, ఒక్కోటి ఇప్పుడు 35 నిమిషాల్లో అవుతోంది. రౌటర్‌లో షేపర్ పెట్టగానే క్యూల్లో డ్రాప్స్ కనిపించడం మొదలైంది, అన్నీ మామూలు డేటాలోనే, వాయిస్‌లో లేవు.

ఎన్ఏఎస్ పోర్ట్‌కి క్యూ-సెట్ 2 పెట్టి రెండో క్యూకి 1600 1600 100 3200 దాకా వెళ్లాను. అయినా రోజుకి రెండు మూడు వేల డ్రాప్స్ అక్కడ మిగిలాయి. బ్యాకప్ 8 మార్కింగ్‌తో వస్తోంది. ఇంకా పెంచాలా?

ఉప్పల్_స్విచింగ్:

బ్యాకప్ 8తో వస్తే అది నాలుగో క్యూలో పడుతది అన్నా, మీరు పెంచింది రెండో క్యూకి. స్టాటిస్టిక్స్‌లో డ్రాప్స్ 'క్యూ 3' వరసలో ఉన్నయా చూడండి. ఆ ఎన్ఏఎస్ పోర్ట్‌కి క్యూ-సెట్ 2లో బఫర్స్ 10 20 20 50 చేసి, థ్రెషోల్డ్ 4కి 800 800 100 1600 పెట్టండి, రెండో క్యూని డీఫాల్ట్‌కి తేండి. ఆ తర్వాత కూడా రోజుకి కొన్ని వందలు మిగిలితే వదిలేయండి. బ్యాకప్ టీసీపీ, ఆ ప్యాకెట్లు మళ్లీ పంపుకుంటది.

ఫ్లోర్3_నెట్‌వర్క్:

అవును, అన్నీ 'క్యూ 3' లోనే ఉన్నాయి. ఈ రాత్రి పది తర్వాత మారుస్తాను.